పాత కుర్చీకి కొత్త చెయ్యి

టేకు చిగురాకును అరచేతిలో వేసుకుని నలిపితే చెయ్యి ఎర్రబడుతుంది. జైనూర్, ఉట్నూరు అడవుల పక్కన పెరిగిన పిల్లలకు ఇదొక ఆట. లేత ఆకులోనే ఇంత రంగు దాచుకునే చెట్టు, నలభై యాభై ఏళ్లు నిలబడి చేవదేలేసరికి తన ఒంట్లో ఎంత రంగు పోగేసుకుంటుందో ఆలోచించండి. టేకు సామాను అందమంతా ఆ పోగు మీదే ఆధారపడి ఉంది. దాన్ని మరమ్మతు చేయబోయేవారికి వచ్చే చిక్కంతా కూడా అక్కడి నుంచే వస్తుంది.

జైనూర్‌లో ఒకరింట్లో తాతల నాటి టేకు పడక్కుర్చీ ఉందనుకుందాం. దాని ఎడమ చెయ్యి విరిగింది. వడ్లాయన కొత్త టేకుతో అచ్చం అలాంటి చెయ్యే చెక్కి బిగించాడు. దుకాణంలో టేకు రంగని అమ్మే స్టెయిన్ డబ్బా తెచ్చి పూశాడు. వంపు కుదిరింది, అతుకు కుదిరింది, రంగు మాత్రం కుదరలేదు. పాత కుర్చీ తేనె రంగులో ఉంటే కొత్త చెయ్యి ఇటుక రంగులో తేలింది. “అన్నా, గిది పాతదాని లెక్క లేదే” అని ఇంటాయన అంటాడు. “జర ఎండ తగలనియ్యి, అదే కలుస్తది” అని వడ్లాయన జవాబిస్తాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ డబ్బాలో ఉన్నది ఒక్క రంగు. పాత కుర్చీ మీద కనిపిస్తున్నది ఒక్క రంగు కాదు. కొయ్యలో పుట్టిన రంగు, వెలుతురు మార్చిన రంగు, పాలిష్ పొర ఇచ్చిన రంగు, ఏళ్ల తరబడి చేతుల జిడ్డూ పొగా పట్టించిన రంగు, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని మన కంటికి ఒకటే రంగులా అందుతున్నాయి. దేన్ని దేనితో కలపాలో తెలియాలంటే ముందు వీటిని విడదీసి చూడాలి.

మొదట కొయ్య సంగతి. టేకు మాను అడ్డంగా కోస్తే బెరడు పక్కన పాలిపోయిన తెల్లకట్టె, లోపల బంగారు గోధుమ రంగు చేవ కనిపిస్తాయి. తెల్లకట్టె చెట్టుకు నీళ్లు మోసే భాగం. లోపలి వరుసలు ఆ పని మానేసి చేవగా మారేటప్పుడు చెట్టు వాటిని రకరకాల రసాయనాలతో నింపుతుంది. వాటిలో పేరున్నది టెక్టోక్వినోన్. ఇది ఆంత్రాక్వినోన్ అనే కుటుంబానికి చెందింది. కలంకారీ అద్దకంలో ఎరుపునిచ్చే చిరివేరులోని అలిజరిన్‌ది కూడా అదే కుటుంబం. టేకుకు చెదపురుగు జంకేది ఈ క్వినోన్ల వల్లే, టేకుకు టేకు రంగు వచ్చేదీ చాలావరకు వీటి వల్లే. చెక్కను తడిమితే మైనం రాసినట్టు నున్నగా తగులుతుంది కదా, అది చేవలో ఉండే రబ్బరు వంటి పదార్థం చేసే పని. తెల్లకట్టెలో ఇవేవీ చెప్పుకోదగ్గంత ఉండవు. అందుకే అది పాలిపోయి ఉంటుంది, త్వరగా పుచ్చిపోతుంది, చేవతో పాటు ముదురుబారదు. కొత్త చెయ్యి అంచున వేలెడంత తెల్లకట్టె మిగిలిపోయిందంటే, ఎన్ని స్టెయిన్లు పూసినా అక్కడ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తూనే ఉంటుంది.

అన్ని టేకులూ ఒకటి కావు. నేల, వాన, చెట్టు వయసును బట్టి చేవ రంగు మారుతుంది. భారతదేశపు టేకు గురించి రాసిన అటవీ శాస్త్రజ్ఞులు గోదావరి లోయ టేకును దాని అలంకారమైన రేఖల కోసం ప్రత్యేకంగా చెబుతారు. ఆదిలాబాద్ ప్రాంతంలోని రాజులమడుగు టేకును గులాబీ ఛాయ ఉన్న చేవకు పేరుపడ్డదిగా పేర్కొంటారు. మనం అనుకున్న పడక్కుర్చీ ఈ అడవుల కొయ్యతోనే చేసిందైతే దాని అడుగున ఆ గులాబీ ఛాయ ఉండే అవకాశం ఉంది. ఇవాళ పట్టణాల టింబర్ డిపోల్లో దొరికే టేకులో చాలా భాగం ఘనా వంటి ఆఫ్రికా దేశాల నుంచీ, ఈక్వడార్, పనామా వంటి దేశాల నుంచీ ఓడల్లో వస్తున్నది. తోటల్లో త్వరగా పెంచి నరికిన చెట్లలో తెల్లకట్టె వాటా ఎక్కువ, చేవ రంగు లేత. రెండూ టేకే, పేరూ ఒకటే. కానీ పని మొదలుపెట్టకముందే రెంటి మధ్య రంగు తేడా ఉంది. అందువల్ల మంచి మరమ్మతు స్టెయిన్ డబ్బా దగ్గర కాదు, చెక్కను ఎంచుకునే దగ్గర మొదలవుతుంది. కూల్చిన పాత ఇంటి దర్వాజా ముక్కో, పనికిరాని పాత మంచం కోడో దొరికితే అదే అన్నిటికంటే మేలు. పాత కలపను అమ్మే చోట అరగంట వెతికితే తరువాత నాలుగు రోజుల రంగుల తంటా తప్పుతుంది.

ఇప్పుడు వెలుతురు సంగతి. అప్పుడే కోసిన టేకు చూడటానికి అంత బాగుండదు. ఆకుపచ్చ కలిసిన చారలు, మాసినట్టుండే మరకలు అక్కడక్కడా కనిపిస్తాయి. కొన్ని రోజులు, వారాలు వెలుతురు తగిలితే ఆ చారలు కలిసిపోయి అంతా ఒకే బంగారు రంగుకు వస్తుంది. చేవలోని రసాయనాలు వెలుతురుకూ గాలిలోని ఆక్సిజన్‌కూ మారడం ఇందుకు ఒక కారణం. రెండోది లిగ్నిన్. కొయ్యలోని పీచులను పట్టి ఉంచే ఈ పదార్థం అతినీలలోహిత కిరణాలను బాగా పీల్చుకుంటుంది. పీల్చుకుని విరిగి, పసుపు గోధుమ ఛాయలున్న కొత్త పదార్థాలుగా మారుతుంది. పాత న్యూస్‌పేపరు పచ్చబడటం వెనక ఉన్నదీ ఇదే లిగ్నిన్. ఇంట్లో ఉన్న కొయ్య ఇలా ముదురుతుంది. వానలో తడిసే కొయ్య కథ వేరు. విరిగిన లిగ్నిన్‌ను వాన కడిగేస్తుంది, తెల్లని సెల్యులోజ్ పీచు మిగులుతుంది. పందిరి గుంజలు, దడి కట్టెలు కొన్నేళ్లకు వెండి బూడిద రంగుకు తిరిగేది అందుకే. కలపలన్నీ ఒకే దారిలో నడవవు కూడా. టేకు ఇంట్లో ఉండి ముదిరితే, ఊదా నలుపు కలిసిన జిట్రేగి ఏళ్ల వెలుతురుకు లేతబడుతుంది. టేకు బల్లకు జిట్రేగి పట్టీలు వేసిన పాత సామానులో మొదట ఉన్న రంగుల తేడా ఇప్పుడు సగం కూడా మిగలకపోవచ్చు.

ఈ మార్పు ఎంత లోతుకు వెళుతుంది? అతినీలలోహిత కిరణాలు కొయ్యలోకి సుమారు 75 మైక్రోమీటర్లు, కంటికి కనిపించే వెలుతురు సుమారు 200 మైక్రోమీటర్లు చొరబడతాయని కొలిచారు. 200 మైక్రోమీటర్లంటే మిల్లీమీటరులో అయిదో వంతు. అంటే తాత కూర్చున్న నాటి నుంచి పేరుకున్న వయసంతా ఆ పై చర్మంలోనే ఉంది. రంగు కలవడం లేదని పాత కుర్చీ మీదికి ఉప్పుకాగితం తీసుకెళ్లేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. నాలుగు పట్లు పట్టేసరికి అరవై ఏళ్ల పని పొట్టుగా నేల మీద రాలిపోతుంది. పాత రేడియో పెట్టెలు, స్పీకరు పెట్టెల విషయంలో నష్టం ఇంకా పెద్దది. వాటి పైన కనిపించే టేకు చాలాసార్లు అసలు టేకు పలక కాదు. లోపలి చవక చెక్క మీద అతికించిన వెనీర్, సుమారు అర మిల్లీమీటరు మందం. ఉప్పుకాగితం కాస్త గట్టిగా ఆడితే టేకే మాయమై కింది ప్లైవుడ్ బయటపడుతుంది. దానికిక ఏ స్టెయినూ పనిచేయదు.

కొయ్య మొదటి రంగు ఏమిటో తెలుసుకోవడానికి వెలుతురు చేరని చోట్లు వెతకాలి. కీలు రేకు కింద, కుర్చీ కూర్పుల లోపల, సొరుగు పక్కల మీద ఆ రంగు దాక్కుని ఉంటుంది. వేరే ఆధారాలు తక్కువ. జైనూర్ మండలంలోని మర్లవాయిలో 1940లలో నివసించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ గోండుల ఇళ్లనూ పండుగలనూ ఎన్నో ఫోటోలు తీశాడు. ఆ కాలపు ఫోటోలు ఎక్కువగా నలుపు తెలుపువి. నిట్టాడి ఎలా నిలబెట్టారో చూపగలవు గానీ అది ఏ రంగులో ఉండేదో చెప్పలేవు. రంగుకు సాక్ష్యం ఆ కొయ్యే.

ఇక పాలిష్. పాత టేకు సామాను మీద ఉన్నది చాలావరకు చపడా పాలిష్, అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క. లక్క పురుగు మోదుగు, రేగు వంటి చెట్ల కొమ్మల రసం పీల్చి, తన చుట్టూ కట్టుకునే గూడే ఈ లక్క. ఎండాకాలం మొదట్లో అడవినంతా ఎర్రగా చేసే మోదుగుకు ఆదిలాబాద్‌లో కొదవ లేదు. ముడి లక్కలో రెండు రంగులుంటాయి. ఒకటి నీళ్లలో కరిగే ఎరుపు, లక్కను కడిగేటప్పుడు అది చాలావరకు పోతుంది. రెండోది నీళ్లలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది, పసుపు నారింజ ఛాయనిస్తుంది, దాని పేరు ఎరిత్రోలాక్సిన్. చపడా రేకులు నారింజ రంగులో మెరిసేది దానివల్లే. అంటే చపడా కేవలం మెరుగు కాదు, అదీ ఒక రంగే. ఒక్కో పూతకూ కొయ్య మరికొంచెం నారింజకు జరుగుతుంది. ఇరవై పూతలు పడ్డ పాత కుర్చీ పక్కన, రంగులేని పాలియురెథేన్ కొట్టిన కొత్త చెయ్యి పెడితే కింద స్టెయిన్ ఎంత చక్కగా కుదిరినా రెండూ కలవవు. అవిసె నూనె రాసిన సామానైతే మరో తీరు. ఆ నూనె పొర ఏళ్లు గడిచేకొద్దీ తానే పచ్చబడుతుంది, చీకటి మూలల్లో ఇంకా ఎక్కువగా.

ఉన్నది ఏ పాలిషో తెలుసుకోవడం కష్టం కాదు. కనబడని చోట ఒక్క చుక్క స్పిరిట్ వేసి నిమిషం ఆగి తుడిస్తే, జిగటగా గుడ్డకు అంటుకుంటే అది చపడా. స్పిరిట్‌కు లొంగక థిన్నర్‌కు మెత్తబడితే నైట్రోసెల్యులోజ్ లాకర్. డ్యూకో పేరుతో 1920లలో మోటారు కార్ల కోసం వచ్చి, తరువాత నిర్మల్ చిత్రకారుల చేతుల్లోకీ చేరిన రంగులు ఈ జాతివే. రెంటికీ చలించకపోతే మెలమైన్ గానీ పాలియురెథేన్ గానీ అయి ఉంటుంది. దీనికంటే ముందు కుర్చీని శుభ్రం చేయాలి. మైనం ఉంటే టర్పెంటైన్ గుడ్డతో, జిడ్డూ మసీ ఉంటే గట్టిగా పిండిన సబ్బుగుడ్డతో. మురికిని చూసి రంగు కలిపితే, రేపు పండక్కి ఎవరో కుర్చీ తుడవగానే చెయ్యి ఒక్కటే నల్లగా మిగులుతుంది.

కొత్త చెయ్యికి రంగు ఎలా ఎక్కుతుందో ఇప్పుడు దగ్గరగా చూద్దాం. టేకు చెక్క మీద భూతద్దం పెడితే ప్రతి ఏటి వలయం మొదట్లో పెద్ద పెద్ద రంధ్రాల వరుస ఉంటుంది, ఆ తరువాత గట్టిపడ్డ దట్టమైన భాగం వస్తుంది. స్టెయిన్లు రెండు రకాలు. పిగ్మెంట్ స్టెయిన్‌లో రంగు పొడి కరగకుండా తేలుతూ ఉంటుంది. పూసి తుడిచేస్తే ఆ పొడి రంధ్రాల్లోనూ ఉప్పుకాగితం గీతల్లోనూ నిలుస్తుంది, దట్టమైన చోట నిలవదు. అందుకే 120 నంబరు కాగితంతో ఆపేసిన చెక్క, 240 దాకా నునుపు చేసిన చెక్క కంటే అదే స్టెయిన్‌తో ముదురుగా వస్తుంది. డై స్టెయిన్‌లో రంగు పూర్తిగా కరిగి ఉంటుంది, కాబట్టి దట్టమైన భాగంలోకి కూడా ఇంకుతుంది. పాత కుర్చీలో చెక్కంతా పరచుకున్న నేల రంగు ఒకటి, రంధ్రాల్లో ఏళ్ల మైనం, మసి నిండి ఏర్పడ్డ ముదురు గీతలు వేరొకటి. ఒకే డబ్బా ఈ రెంటినీ ఇవ్వలేదు. నేలకు డై, గీతలకు పిగ్మెంట్, వాటి పైన చపడా, ఈ వరుసలో వెళ్లాలి. పనితనం తెలిసిన పాలిష్ వాళ్లు ఎర్రమన్ను, పచ్చమన్ను, మసి పొట్లాలు దగ్గర పెట్టుకునేది ఈ గీతల కోసమే. ఎర్రమన్నూ పచ్చమన్నూ రెండూ ఇనుప ఆక్సైడులే. పచ్చమన్నులో నీరు బంధమై ఉంటుంది. పెనం మీద బాగా వేడిచేస్తే ఆ నీరు వదిలి ఎర్రబడుతుంది. కావలసిన ఛాయ వచ్చినప్పుడు దించేయవచ్చు. ఎండకు వెలవని రంగులు ఇంత చవకగా మరెక్కడా దొరకవు. రంగు ఎక్కువై ఎరుపు తేలితే పిసరంత ఆకుపచ్చ కలిపితే తగ్గుతుంది. నలుపు కలిపితే ఎరుపు తగ్గదు, అంతా మసకబారుతుంది.

పొరల మీద పొరలుగా రంగు కట్టడం మన వడ్లాయన పద్ధతి మాత్రమే కాదు. 1737లో చనిపోయిన ఇటలీ వయొలిన్ శిల్పి స్ట్రాడివారి వార్నిష్‌లో ఏదో రహస్య ద్రవ్యం ఉందని శతాబ్దాలు నమ్మారు. పారిస్ సంగీత మ్యూజియంలోని అయిదు వాద్యాల వార్నిష్‌ను పరీక్షించి ఫ్రెంచి, జర్మన్ పరిశోధకులు 2009లో ఫలితాలు ప్రకటించారు. కొయ్యలోకి ఇంకిన నూనె పొర, దాని పైన నూనె, దేవదారు జాతి చెట్ల బంక కలిసిన పలుచని పొర, కొన్నిటిలో ఆ పై పొరలో ఎర్ర రంగులు. ఆ ఎరుపుల్లో మన ఎర్రమన్ను లాంటి ఇనుప ఆక్సైడ్ కూడా ఉంది. ఆ కాలంలో ఎవరికైనా దొరికే సరుకే అది.

టేకుతో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. దానిలోని క్వినోన్లు నూనె రంగులు ఆరకుండా అడ్డుపడతాయి. నూనె గట్టిపడటమంటే ఆక్సిజన్‌తో గొలుసుకట్టుగా చర్య జరగడం, ఆ గొలుసును క్వినోన్లు మధ్యలో తెంపుతాయి. స్టెయిన్ పూసేముందు చెక్కను స్పిరిట్ గుడ్డతో తుడిచేది అందుకే. అలా తుడిచినప్పుడు మరో లాభం ఉంది. తడి చెక్క ఒక్కసారిగా ముదురుగా, లోతుగా కనబడుతుంది. పొడి చెక్క మీది రంధ్రాల్లో గాలి ఉంటుంది. వెలుతురును ఎంతగా వంచుతుందో చెప్పే వక్రీభవన సూచిక గాలికి 1, కొయ్య పీచుకు సుమారు 1.5. ఇంత తేడా ఉన్నచోట వెలుతురు చెదిరి తెల్లని పొరలా అడ్డుపడుతుంది. ద్రవం ఆ ఖాళీలు నింపితే చెదరడం తగ్గుతుంది. చపడా సూచిక కొయ్యకు దాదాపు సమానం కనుక పాలిష్ పడ్డాక రంగు ఎలా ఉండబోతుందో తడి చెక్క ముందే చూపిస్తుంది. పొడి స్టెయిన్‌ను పాత కుర్చీతో పోల్చి ఇంకొంచెం, ఇంకొంచెం అని పూసేవారు పాలిష్ పడ్డాక ముదురైందని తల పట్టుకునేది ఈ ఒక్క సంగతి తెలియక.

నల్లని రంగు కావలసినప్పుడు మన వైపు మరో పాత విద్య ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపుకు బెల్లపు నీళ్లలో ఇనుప ముక్కలు నానబెట్టిన కసిమిని కరక్కాయ పట్టించిన బట్ట మీద వాడతారు. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి నల్లబడతాయి. తుమ్మ వంటి టానిన్ ఎక్కువున్న కట్టె మీద ఇనుప మేకు కొట్టిన చోట తడి తగిలితే నల్లమచ్చ పడేదీ ఈ చర్య వల్లే. పాత సామానులో అలాంటి మచ్చలుంటే వాటిని చూసి స్టెయిన్ కలపొద్దు. ఆక్సాలిక్ ఆమ్లంతో అవి పోతాయి.

అంతా కుదిరిందనుకున్నాక దగా చేసేది మన దీపం. కొట్టులో ట్యూబ్‌లైటు కింద ఒకటిగా కనిపించిన రెండు రంగులు అరుగు మీద ఎండలో రెండుగా విడిపోతాయి. దీన్ని మెటామెరిజం అంటారు. మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలు. రెండు వేర్వేరు రంగు పదార్థాలు ఒక దీపం కింద ఆ మూడింటినీ సమానంగా కదిలించవచ్చు, మరో దీపం కింద కదిలించకపోవచ్చు. ట్యూబ్‌లైటు వెలుతురులో కొన్ని తరంగాలు ఎక్కువ, కొన్ని దాదాపు ఉండనే ఉండవు. రంగుల కొలతకు 1931లో ప్రమాణాలు ఏర్పరిచిన అంతర్జాతీయ సంఘం సి.ఐ.ఇ. పాత బల్బు వెలుతురుకు 2856 కెల్విన్లనీ, తరువాత పగటి వెలుతురుకు సుమారు 6500 కెల్విన్లనీ నమూనాలు పెట్టింది. మన పనికి అంత లెక్క అక్కర్లేదు. కుర్చీ ఎక్కడ ఉండబోతుందో అక్కడే, పగలు ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూస్తే చాలు. చెయ్యి పక్కన ఎర్ర దుప్పటి ఉండకుండా చూసుకోవాలి. పారిస్‌లోని గోబెలిన్ నేత శాలలో అద్దకం శాఖకు అధిపతిగా ఉన్న షెవ్రెల్‌కు నలుపు సరిగా రావడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. రంగులో లోపం లేదు, పక్కనున్న రంగుల వల్ల కంటికి అలా కనిపిస్తున్నదని ఆయన తేల్చి 1839లో పెద్ద గ్రంథమే రాశాడు.

చివరికి మిగిలేది ఎంత ముదురు దగ్గర ఆపాలన్న నిర్ణయం. పాత కుర్చీ మారవలసినంత మారింది, ఇకపై దాని మార్పు మెల్లగా సాగుతుంది. కొత్త చెయ్యి మార్పు ఇప్పుడే మొదలు. ఈ రోజు అచ్చంగా కలిపితే ఏడాదికి చెయ్యి కుర్చీని దాటిపోతుంది. అందుకే వడ్లాయన చెప్పిన ఎండ మాటను పని ముగిశాక కాదు, మొదలుపెట్టకముందే వినాలి. చెక్కిన చెయ్యిని పూత ఏమీ వేయకుండా రెండు మూడు వారాలు తిప్పుతూ ఎండకు పెడితే మొదటి పెద్ద మార్పు అప్పుడే జరిగిపోతుంది. ఆ తరువాత అదే చెక్క తునక మీద, అదే నునుపుతో, అన్ని పొరలూ వేసి చూసుకోవాలి. కుర్చీలో అన్నిటికంటే లేతగా ఉన్న చోటును చూసి డై కలపాలి. ముదురు చేయడానికి ఎప్పుడూ దారి ఉంటుంది, లేత చేయడానికి చెక్కను మళ్లీ గీకాల్సిందే. మిగిలిన తేడాను చపడాలో కాస్త రంగు కలిపి, గుడ్డ ఉండతో పలుచగా పట్టిస్తూ పూరించాలి. ఇక్కడ నా ఓటు చపడాకే, పాలియురెథేన్‌కు కాదు. రెండేళ్ల తరువాత చెయ్యి ముదిరి తేడా మళ్లీ కనబడితే స్పిరిట్ గుడ్డతో ఆ రంగు పొర ఒక్కటే కరిగించి తీసేసి, కింది కొయ్యను ముట్టుకోకుండా మరో ఛాయ వేసుకోవచ్చు.